పాత నివేదికల్లోని పురుగుల పేర్లు నేటి పేర్లతో ఎందుకు కలవడం లేదు?

మిరపతోట (గుంటూరు):

అందరికీ నమస్కారం. నేను గుంటూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా అన్నయ్య ప్రత్తిపాడు వైపు మిరప వేస్తాడు. 2021లో నిండు పూత మీద ఉన్న మా చేను నల్ల తామర పురుగు (త్రిప్స్ అనే రసం పీల్చే చిన్న కీటకం) పాలైంది. అది మనకు తరతరాలుగా తెలిసిన తామర పురుగు కాదని, వేరే జాతి అని అప్పుడే విన్నాము. కంటికి నలుసులా కనిపించే ఆ రెండింటినీ వేరు చేసి చెప్పగలగడం వెనుక ఎవరి శ్రమ ఉందో తెలుసుకోవాలనిపించి, గత శతాబ్దపు తొలి దశాబ్దాల నాటి మద్రాసు రాష్ట్ర వ్యవసాయ రచనలను కొన్ని నెలలుగా చదువుతున్నాను. వాటి సారాన్ని మా పిల్లలకు తెలుగులో రాసిపెట్టాలని నా కోరిక.

అయితే చదువుతున్నకొద్దీ ఒక చిక్కు ఎదురవుతోంది. పొగాకు లద్దె పురుగును ఆనాడు ప్రొడీనియా లిట్యూరా అన్నారు, నేడు స్పొడాప్టెరా లిట్యూరా అంటున్నాము. శనగపచ్చ పురుగు ఆనాడు హీలియోథిస్ అబ్సొలీటా, నేడు హెలికోవెర్పా ఆర్మిజెరా. ఇవి ఒకే పురుగులేనా, లేక అప్పటివారు పొరబడ్డారా? మరొక సందేహం. పాత తామర పురుగు పేరు పక్కన హుడ్, 1919 అని విడిగా రాస్తున్నారు కాని, నల్ల తామర పురుగు పేరు పక్కన కార్నీ, 1922 అన్నదాన్ని కుండలీకరణాల్లో పెడుతున్నారు. అచ్చుతప్పు అనుకుందామంటే ప్రతి పుస్తకంలోనూ అలాగే ఉంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

బాపట్ల విశ్రాంతుడు:

మిరపతోట గారూ, ఆ కుండలీకరణాలు అచ్చుతప్పు కాదు. మీ రెండు సందేహాలకూ సమాధానం వాటిలోనే ఉంది.

జంతువు శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, రెండవ మాట జాతిని తెలుపుతాయి. ఆ తరువాత వచ్చేవి దానిని మొదట వర్ణించి పేరు పెట్టిన వ్యక్తి పేరు, ఆ వర్ణన వెలువడిన సంవత్సరం. మొదట ఏ ప్రజాతిలో ఉంచారో నేటికీ అందులోనే ఉంటే వ్యక్తి పేరును విడిగా రాస్తారు, తరువాతివారు వేరే ప్రజాతిలోకి మారిస్తే కుండలీకరణాల్లో పెడతారు. 1919లో అమెరికా శాస్త్రవేత్త జె. డగ్లస్ హుడ్ దక్షిణ భారతం నుంచి వచ్చిన నమూనాలను చూసి, కోయంబత్తూరులో ఆముదం మీద, మిరప మీద దొరికిన పురుగుకు స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్ అని పేరు పెట్టారు. అది ఇప్పటికీ ఆ ప్రజాతిలోనే ఉంది. కార్నీ 1922లో నల్ల తామర పురుగును ఐసోన్యూరోత్రిప్స్ అనే ప్రజాతిలో చేర్చారు, తరువాత దానిని త్రిప్స్ ప్రజాతిలోకి తెచ్చారు. కుండలీకరణాలు ఆ మార్పుకు గుర్తు.

లద్దె పురుగు సంగతీ ఇంతే. 1775లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ పెట్టిన లిట్యూరా అన్న జాతి నామం ఇన్నేళ్లలో చెక్కుచెదరలేదు, మారింది ప్రజాతి మాత్రమే. శనగపచ్చ పురుగు కథ కొంచెం వేరు. పాత ప్రపంచపు (ఆసియా, ఆఫ్రికా, ఐరోపా ఖండాల) పురుగును, అమెరికా ఖండాల పురుగును అప్పట్లో ఒకే జాతిగా భావించి అబ్సొలీటా అన్నారు. 1965లో హార్డ్‌విక్ వాటిని పరిశీలించి వేరు చేసి, హెలికోవెర్పా అనే కొత్త ప్రజాతిలో ఉంచారు. కాబట్టి మీ నివేదికల్లోని పురుగు మన చేలల్లోని పురుగే. ఆనాటివారి పరిశీలనను తప్పుపట్టవలసిన పని లేదు, వారి తరువాత సరిహద్దులు మరింత నిశితంగా గీశారు, అంతే.

ఒకే పురుగుకు ఇద్దరు ముగ్గురు పేర్లు పెట్టడం కూడా ఆ రోజుల్లో తరచుగా జరిగేది. హుడ్ పేరు పెట్టిన 1919లోనే బ్రిటన్‌కు చెందిన బాగ్నాల్ అదే తామర పురుగుకు హీలియోత్రిప్స్ మినుటిసిమస్ అన్నారు. నల్ల తామర పురుగును లోకానికి పరిచయం చేసిన కార్నీయే 1925లో మన పాత తామర పురుగును కొత్తదిగా ఎంచి మరో పేరుతో వర్ణించారు. బీహారులోని పూసా పరిశోధన సంస్థలో మిశ్రా, లాంబా 1929లో పత్తి తెల్లదోమను కొత్త జాతిగా ప్రకటించారు కాని, అది 1889లోనే పేరు పొందిన బెమీసియా టబాకియే అని తరువాత తేలింది. ఓడల మీద ఉత్తరాలు నడిచిన కాలంలో ఒకరు రాసినది మరొకరికి చేరడానికే నెలలు పట్టేది. ఇటువంటి చిక్కులలో ముందు వెలువడిన పేరుకే ప్రాధాన్యం ఇవ్వాలన్న సూత్రంతో అంతర్జాతీయ నామకరణ నియమావళి 1905లో ప్రచురితమైంది. దానికి ఆరంభ బిందువు స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ వర్గీకరణ గ్రంథపు పదవ ముద్రణ వెలువడిన 1758.

రంగును నమ్మకూడదన్న సంగతి పిల్లలకు తప్పక చెప్పండి. నల్ల తామరలో ఆడ పురుగే ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మగది చిన్నది, పసుపుపచ్చనిది, పాత తామర పురుగని పొరబడే అవకాశం ఎంతైనా ఉంది. అందుకే హుడ్ వంటివారు పురుగును గాజు పలక మీద బాల్సం అనే పారదర్శకమైన జిగురులో అమర్చి, స్పర్శశృంగాల కణుపులను, రెక్కల మీది ముళ్లను, పొట్ట పలకల పక్కలలో వరుసలు తీరిన సన్నని నూగును సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టి రాశారు. ఒక మిల్లీమీటరు పొడవున్న ప్రాణిలో అంత చూడగలిగిన ఓపికకు నేను ఇప్పటికీ నమస్కరిస్తాను.

కృష్ణలంక పాఠకుడు (విజయవాడ):

పై సమాధానానికి చరిత్ర వైపు నుంచి కొంత జోడిస్తాను. బీహారులోని పూసాలో కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ వెలసిన తరువాత అక్కడ ఇంపీరియల్ కీటక శాస్త్రవేత్తగా మాక్స్‌వెల్ లెఫ్రాయ్ పనిచేశారు. భారతదేశపు కీటకాలను వరుసగా పరిచయం చేసిన ఆయన పెద్ద గ్రంథం 1909లో వచ్చింది. కోయంబత్తూరులో మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా ఉన్న బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1913లో పూసాకు వెళ్లి లెఫ్రాయ్ స్థానంలో చేరారు. దక్షిణ భారత కీటకాలపై ఆయన రాసిన పుస్తకం 1914లో మద్రాసులో అచ్చయింది. మిరపతోట గారు చదువుతున్న రచనలకు చాలావరకు అదే మూలం కావచ్చునని నా ఊహ. ఫ్లెచర్ హయాంలో 1915, 1917, 1919లలో పూసాలో దేశంలోని కీటక శాస్త్రవేత్తలందరూ సమావేశమై, ఏ పంటపై ఏ పురుగు ఉన్నదో ఒక్కొక్కటిగా చర్చించి నమోదు చేశారు.

నాకు అందరికంటే ఎక్కువ గౌరవం టి. వి. రామకృష్ణ అయ్యర్ గారి మీద. కోయంబత్తూరులో ఉంటూ తామర పురుగులను సేకరించి, విదేశీ నిపుణులకు పంపడంతో ఆగిపోకుండా, ఆ కీటక క్రమాన్ని (ఎన్నో ప్రజాతులు చేరిన పెద్ద వర్గాన్ని) తానే అధ్యయనం చేసి 1928లో భారతదేశపు తామర పురుగులపై పెద్ద రచన వెలువరించారు. 1935లో సుబ్బయ్య గారితో కలిసి ఆయన మద్రాసు వ్యవసాయ పత్రికలో రాసిన వ్యాసం గుంటూరు, మధుర (మదురై) ప్రాంతాలలో తామర పురుగు వలన మిరపకు వచ్చే ఆకుముడత గురించే. మన జిల్లా మిరప చేను కీటక శాస్త్ర సాహిత్యంలో అంత ముందే చోటు సంపాదించుకున్నదని మీ పిల్లలకు చెబితే వారు పొంగిపోతారు.

ఇక వర్గీకరణ మాటకు వస్తే, జాతుల సంగతి అలా ఉంచి, ఏకంగా కొత్త క్రమాలే బయటపడిన కాలమది. ఇటలీ శాస్త్రవేత్త సిల్వెస్ట్రీ 1907లో ప్రొట్యూరాను, 1913లో జోరాప్టెరాను వర్ణించారు. తామర పురుగుల విషయంలో లినేయస్ వాటిని నల్లులు, పేనుబంకలు ఉన్న గుంపులో కలిపితే, 1836లో హాలిడే కుచ్చుల వంటి రెక్కలను బట్టి థైసనాప్టెరా అనే ప్రత్యేక క్రమాన్ని ఏర్పరచారు.

మిరపతోట (గుంటూరు):

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. 1935 నాటి వ్యాసం సంగతి నాకు బొత్తిగా తెలియదు. మరొక్క ప్రశ్న. మా తాతగారు మిరపకు ముడత వచ్చిందంటే బొబ్బర అనేవారు. పాత నివేదికల్లో ఆకుముడత అని కనిపించిన చోటల్లా అది తామర పురుగు పనేనని నేను రాసుకోవచ్చునా?

బాపట్ల విశ్రాంతుడు:

అలా రాయవద్దండీ. ముడతకు కారణాలు కనీసం మూడు. తామర పురుగు గీకి పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటాయి, దానిని పై ముడత అంటాము. తెల్ల నల్లి ఆశిస్తే ఆకు కిందికి ముడుచుకుని కాడ సాగుతుంది, అది కింది ముడత. మూడవది తెల్లదోమ వలన వ్యాపించే వైరస్. బొబ్బర అన్న మాటను మన రైతులు ఈ మూడింటికీ వాడారు. పైగా తెల్ల నల్లి కీటకమే కాదు, ఎనిమిది కాళ్లతో సాలెపురుగుల తరగతికి చెందుతుంది. దానికి బ్యాంక్స్ 1904లో పేరు పెట్టారు. ఆయన పేరు కూడా నేడు కుండలీకరణాల్లోనే ఉంటుంది, కారణం మీకు ఇప్పుడు తెలుసు.

నివేదికలో పురుగు పేరు ఉంటే ఆ పేరును నేటి పేరుతో జత చేసి రాయండి. పేరు లేకుండా ముడత అని మాత్రమే ఉంటే, ఆకు ఎటు ముడుచుకున్నదో వర్ణన ఉన్నదేమో చూడండి. వర్ణన కూడా లేకపోతే ముడత అనే వదిలేయండి. ఈసారి పూత సమయంలో పిల్లలను చేనికి తీసుకువెళ్లి, పూలను తెల్ల కాగితం మీద దులిపించి, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి కటకంతో చూపించండి. పూలలో గుంపులుగా ముదురు రంగు పురుగులు, వాటి మధ్య చిన్న పసుపు పురుగులు కలిసి కనిపిస్తే, ఆ పసుపువి పాత తామర పురుగులేనని తొందరపడి రాయనివ్వకండి. వాటిని సారాయి సీసాలో వేసి, తేదీ, ఊరు, మొక్క పేరు చీటీ మీద పెన్సిలుతో రాయించి గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపించండి. సారాయిలో సిరా కరిగిపోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది.