అప్‌డేట్: పికాసో బొగ్గు గీతల్లో ఆడమనిషి ఎక్కడుంది?

పికాసో 1910లో కాగితం మీద బొగ్గుతో గీసిన నిలబడ్డ నగ్న స్త్రీ బొమ్మ గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను, అన్నీ గీతలే ఉన్నాయి, మనిషేదీ అని. జవాబిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చిన సలహా: "ముఖం కోసం వెతకొద్దు, బరువు ఎటుందో చూడండి." అలాగే చూశాను. పైనుంచి కిందికి దిగే నిలువు గీతల్ని వెన్నెముక అనుకుంటే, మధ్యలో వచ్చే వంపులు భుజం, రొమ్ము, తుంటిలా కుదురుకున్నాయి. గీతలు చాలా చోట్ల మూసుకోవు. అందుకే ఒళ్లు ఎక్కడ ఆగిందో, ఖాళీ ఎక్కడ మొదలైందో తేలదు. నీడలు కూడా అంతే, ఒకే వైపు వెలుగు పడినట్టు ఉండవు. ఇది క్యూబిజం (ఒకే వస్తువుని చాలా వైపుల నుంచి చూసినట్టు విడదీసి, ఒకే బొమ్మలో కలిపి గీసే శైలి) పద్ధతే, ఒకే చోట నిలబడి చూసిన దృశ్యం కాదు.

ఇంకో సంగతి తెలిసి నవ్వొచ్చింది. 1911లో న్యూయార్క్‌లో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తన 291 గ్యాలరీలో దీన్ని పెడితే, మంటలొస్తే దిగడానికి భవనం బయట బిగించే ఇనుప మెట్లలా ఉందని ఎగతాళి చేశారట! ఆయన మాత్రం కొనేసుకున్నాడు. ఇప్పుడది న్యూయార్క్‌లోనే మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

జవాబుల్లో వచ్చిన "పికాసో స్త్రీని ముక్కలు చేశాడు" అన్న వ్యాఖ్యతో మాత్రం నేను ఏకీభవించను. అదే కాలంలో మగవాళ్లనీ, గిటార్లనీ ఇలాగే విడదీశాడు.