సామెతలు 8:22లో “కలుగజేసెను” అంటే “సృష్టించెను” అనేనా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మొన్న మా సంఘంలో యూత్ మీటింగులో సామెతలు 8 చదువుతున్నాం. “పూర్వకాలమందు తన సృష్ట్యారంభమున తన కార్యములలో ప్రథమమైనదానిగా యెహోవా నన్ను కలుగజేసెను.” ఇక్కడ మాట్లాడే జ్ఞానం క్రీస్తే అని మాకు చెబుతారు. ఇంటర్ చదివే అబ్బాయి లేచి “అయితే దేవుడు క్రీస్తును సృష్టించినట్టేనా?” అన్నాడు. పెద్దాయన ఒకరు “అది దుర్బోధ, కూర్చో” అన్నారు. ఆ అబ్బాయి మళ్లీ నోరు విప్పలేదు. ఈ “కలుగజేసెను” సంగతి కాస్త చెప్పండి.

జవాబు (విజయవాడ నుంచి):
అమ్మా, ఆ అబ్బాయి అడిగింది నాలుగో శతాబ్దంలో సంఘాన్ని ఊపేసిన ప్రశ్న. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే ప్రెస్బిటరు (సంఘ గురువు) పక్షంవాళ్లు ఈ వచనాన్నే ముందు పెట్టుకుని వాదించారు. వాళ్లు చదివింది సెప్టువజింట్ అనే గ్రీకు అనువాదం, అందులో ఈ చోట “సృష్టించెను” అనే ఉంది. కాబట్టి కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టిలో మొదటివాడేనని, ఆయన లేని కాలం ఒకటి ఉండేదని అన్నారు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ ఒప్పుకోలేదు. జనించినవాడే గాని చేయబడినవాడు కాడని విశ్వాస ప్రమాణంలో రాసింది.

ఇక మన క్రియ. వాళ్లకు కొడుకు కలిగాడు అంటే పుట్టాడని. అనుమానం కలిగింది అంటే లేనిది వచ్చిందని. కలిగినవాళ్లు అంటే ఆస్తి ఉన్నవాళ్లు. యోహాను మొదటి అధ్యాయం తెరవండి. మూడో వచనం “సమస్తమును ఆయన మూలముగా కలిగెను” అంటుంది, అది సృష్టి. పద్నాలుగో వచనం “తండ్రివలన కలిగిన అద్వితీయకుమారుని” అంటుంది, అది జననం. నైసియా సభ ఏ రెండింటిని విడదీసిందో ఆ రెంటికీ మన బైబిల్లో ఒకే క్రియ! గ్రీకువాళ్లకూ ఈ చిక్కు ఉండేది. కలిగినది గెనెటొస్, జనించినది గెన్నెటొస్. తేడా ఒక్క నకారమే.

హెబ్రీలో ఉన్న క్రియ కానా. సంపాదించుకొను, కలిగియుండు అని ముఖ్యార్థం. ఆదికాండము 4:1లో కయీనును కని హవ్వ “యెహోవా దయవలన నేనొక మనుష్యుని సంపాదించుకొన్నాను” అన్నది ఈ క్రియతోనే. కానీ ఆదికాండము 14:19లో ఇదే ధాతువును మనవాళ్లు “సృష్టికర్త” అని తెలుగు చేశారు. అంటే ఆ అబ్బాయి అర్థం గాలిలోంచి ఊడిపడలేదు. లాటిన్ అనువాదం చేసిన జెరోము మాత్రం సామెతల్లో “కలిగియుండెను” అనే అర్థం తీసుకున్నాడు. తెలుగులో ఈ రెండు పక్షాల మధ్య దూరం ఎంతో చూడండి: కలుగజేసెను, కలిగియుండెను.

ప్రశ్న (గుంటూరు నుంచి):
అయితే ఏరియస్‌ది ఒప్పంటారా అండీ? మాది లూథరన్ సంఘం.

జవాబు:
లేదమ్మా, నేను నైసియా పక్షమే. మీ ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం (1530) మొదటి అధికరణమే నైసియా నిర్ణయాన్ని నిలబెట్టి, ఏరియస్ వర్గాన్ని పేరు పెట్టి ఖండిస్తుంది. నేను చెప్పేది, ఆ తీర్పు ఒక్క క్రియ మీద నిలబడలేదని. నైసియా పక్షాన నిలబడిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ ఈ వచనాన్ని పక్కకు నెట్టలేదు. ఏరియస్ వర్గానికి జవాబుగా రాసిన రెండో ప్రసంగంలో చాలా భాగం దీనికే ఇచ్చాడు. “సృష్టించెను” అన్న మాటను ఒప్పుకునే, అది క్రీస్తు మనకోసం ధరించిన మానవ శరీరానికి చెందుతుందని చెప్పాడు. మనిషి ఇల్లు కడతాడు, కొడుకును కంటాడు, ఇల్లు బయటిది, కొడుకు తన స్వభావంలోంచి వచ్చినవాడు అన్నది ఆయన వాదం. దీనికి తెలుగులో శుభ్రమైన మాట ఉంది, కను. రెండో కీర్తనలో “నీవు నా కుమారుడవు, నేడు నిన్ను కనియున్నాను” అని వింటూనే ఉన్నాం. సామెతలు 8లో కూడా కింది వచనాల్లో జ్ఞానం “నేను పుట్టితిని” అంటుంది. మీ అబ్బాయితో అక్కడిదాకా చదివించండి.

325 సభతో గొడవ తీరలేదు. అథనాసియస్‌ను ఐదుసార్లు అలెగ్జాండ్రియానుంచి వెళ్లగొట్టారు, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా వాదం నడిచింది. బిషప్పులకే అంతకాలం పట్టిన విషయం అడిగినందుకు ఇంటర్ పిల్లవాడిని కూర్చోబెట్టేయడం నాకు బాధగా ఉంది.

ఆ పెద్దాయనకు తీతు 3:10 చూపించండి: “మతభేదములు కలిగించు మనుష్యునికి ఒకటి రెండుమారులు బుద్ధిచెప్పిన తరువాత వానిని విసర్జించుము.” మీ అబ్బాయికి ఇంకా మొదటిసారి కూడా ఎవరూ చెప్పలేదు.