డబ్బా బారెడు, పప్పు పిడికెడు: ఉండేది పర్లాకిమిడి, కొన్నది పాతపట్నం. ఫిర్యాదు ఎక్కడ?

మహేంద్రతనయ:
మేం ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడి. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం కొట్లో 200 గ్రాముల జీడిపప్పు గిఫ్ట్ డబ్బా కొన్నాం. లోపల ప్లాస్టిక్ ట్రే, దాని కింద రెండు వేళ్ల ఎత్తు బోలు. పప్పు డబ్బాలో నాలుగోవంతు కూడా లేదు. తూస్తే 197 గ్రాములుంది. ఇదేటి లెక్క? ఫిర్యాదు ఆంధ్రాకా, ఒడిశాకా?

తక్కెడ:
తూకం సంగతి వదిలేయండి. 200 గ్రాముల ప్యాకెట్‌కి 9 గ్రాముల దాకా తేడా ఒప్పుకుంటారు. 197 మీద ఏమీ నిలవదు.

పట్టుకోవాల్సింది ఆ ట్రేని. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ (ప్యాకెట్ సరుకుల నిబంధనలు) ప్రకారం, సరుకెంతుందో కొనేవాళ్లు పొరబడేలా తయారుచేసిన డబ్బా మోసపూరిత ప్యాకేజీ. సరుకు నలగకుండానో, నింపే మిషను కోసమో పెద్దది చేస్తే మాత్రం తప్పు కాదు. ఎంత ఖాళీ ఉంటే మోసమో శాతం లెక్క రాయలేదు. చిప్స్ ప్యాకెట్‌లో నైట్రోజన్ మీద గొడవ పడి లాభం లేనిది అందుకే, అది నిజంగానే చిప్స్‌ని కాపాడుతుంది. ట్రే కింద బోలు జీడిపప్పుకి ఏం కాపలా కాస్తుంది? ఫిర్యాదులో మొదటి వాక్యం అదే రాయండి.

డబ్బా, ట్రే పారేయొద్దు. లేబుల్ చదవగలిగేలా ఒక ఫొటో, ట్రే ఎత్తి పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి తీయండి. తర్వాత పప్పుని కొలజాడీలో పోయండి. డబ్బా లోపల 24×16×5 సెంటీమీటర్లుంటే 1,920 మిల్లీలీటర్ల జాగా. పప్పు 400 గీత దగ్గర ఆగితే సుమారు అయిదోవంతు. "చాలా ఖాళీ ఉంది" అని రాస్తే ఎవరూ కదలరు, ఈ రెండంకెలు రాస్తే జవాబు చెప్పాలి.

గుణుపురం:
చోటు మాట. తూనికలు కొలతల శాఖకైతే కొట్టు ఎక్కడుంటే అక్కడ, అంటే శ్రీకాకుళం జిల్లా అధికారికి. పర్లాకిమిడి ఇన్‌స్పెక్టరు సరిహద్దు దాటొచ్చి సరుకు సీజ్ చేయలేరు. వినియోగదారుల కమిషన్ సంగతి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే, గజపతి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

అయినా ఒక్క డబ్బాకి కమిషన్ దాకా ఎందుకు? ముందు లేబుల్ మీది కస్టమర్ కేర్‌కి ఫొటోలతో మెయిల్ పెట్టండి, ఆ వివరం అచ్చు వేయడం తప్పనిసరి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇల్లు ఒడిశా, కొన్నది ఆంధ్రా అని విడివిడిగా చెప్పండి, లేదంటే ఫిర్యాదు తప్పుదారి పడుతుంది. వాళ్లిచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) రాసుకోండి. వాళ్లు కంపెనీతో మాట్లాడి తేలుస్తారంతే, జరిమానా వేసే అధికారం లేదు.

మహేంద్రతనయ:
బిల్లు ఇవ్వలేదు. యూపీఐలో కట్టాం.

తక్కెడ:
చెల్లింపు స్క్రీన్‌షాట్, డబ్బా మీది బ్యాచ్ నంబరు జతచేయండి. ఈసారి కొనేటప్పుడు డబ్బా సైజు చూడకండి, లేబుల్ మీద గ్రాము ధర చూడండి. కిలో లోపు ప్యాకెట్ల మీద అది ఉండాలి. గిఫ్ట్ డబ్బాకీ మామూలు కవరుకీ తేడా అక్కడే బయటపడుతుంది.

సిరోంచ:
మిఠాయి కొట్లలో ఇంకో తంతు, అట్టడబ్బాతో కలిపి తూయడం. 60 గ్రాముల డబ్బా, కిలో 600 స్వీటు అంటే అట్టకే 36 రూపాయలు. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టించి సున్నా చేయించండి. ఆ డబ్బాల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ 2022 జులై 1 నుంచి నిషిద్ధం. దాని మీద ఫిర్యాదు తూనికల వాళ్లకి కాదు, మున్సిపాలిటీకో కాలుష్య నియంత్రణ మండలికో.