కుందేలు గడ్డి నోట్లో పెట్టుకుని వదిలేస్తోంది, వెనక పళ్ల సమస్యేనా?

విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. పై వాటాలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తూ రెండు కుందేళ్లని డాబా మీద బోనులోనే వదిలేసి వెళ్లారు. ఆ ఎండలో, అన్నం మెతుకులు తింటూ ఎన్నాళ్లున్నాయో! మా దగ్గరికొచ్చి 16 రోజులైంది.

మగది కోలుకుంది, గరిక కట్టలకొద్దీ లాగించేస్తోంది. టెన్షనంతా ఆడదానితోనే. వచ్చినప్పుడు 1.2 కిలోలు, ఇప్పుడు 1.1. చెవుల్లో గజ్జికి డాక్టర్ ఐవర్‌మెక్టిన్ ఇస్తే తగ్గింది. (కుక్కలకి వాడే ఫిప్రోనిల్ స్ప్రే కొట్టమని ఒకాయన సలహా. కుందేళ్లకి అది విషమని తెలిసి ఆగాను.)

గరిక, తిమోతి గడ్డి రెండూ పెట్టి చూశాను. ఆశగా నోట్లో పెట్టుకుంటుంది, ఒకటి రెండుసార్లు నమిలి వదిలేస్తుంది. కొత్తిమీర ఆకులు తింటుంది, కాడలు తినదు. గడ్డం కింద ఎప్పుడూ తడి. 4 రోజులుగా పెంటికలు చిన్నవైపోయి, సగానికి తగ్గాయి. పెల్లెట్లు (కుందేళ్ల మేత గుళికలు) నానబెట్టి మెదిపి, సిరంజితో రోజుకి 4 సార్లు 10 మి.లీ. చొప్పున పడుతున్నాను. నిన్న మళ్లీ చూపిస్తే ముందు పళ్లు బాగానే ఉన్నాయన్నారు, వెనక పళ్లు చూసే పరికరం వాళ్ల దగ్గర లేదు.

కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కదా. ఇన్నాళ్లూ గడ్డి లేక వెనకవి మొనతేలి నాలుకకి గుచ్చుకుంటున్నాయేమోనని నా అనుమానం. విజయవాడ, గన్నవరం, గుంటూరు చుట్టుపక్కల కుందేలుకి మత్తు ఇచ్చి వెనక పళ్లు అరగదీయించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎక్కడ చేయించారో చెప్తారా?