ఆల్టో కె10కి ఏ స్పార్క్ ప్లగ్‌లు వేయాలి?

ఖమ్మం నుంచి: మా పెట్రోల్ ఆల్టో కె10 అరవై వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు మిస్‌ఫైర్ అవుతోంది. షాపతను ఇరిడియం ప్లగ్‌లు వేస్తే పికప్ పెరుగుతుందంటున్నాడు. నిజమేనా అన్నా?

వరంగల్ మెకానిక్: పికప్ కోసమైతే వద్దు తమ్ముడూ. ఇరిడియం ఎక్కువ కాలం మన్నుతుంది, అంతే. ముందు మాన్యువల్‌లో ప్లగ్ నంబరు చూడు. మర సైజు, పొడవు, హీట్ రేంజ్ (ప్లగ్ కొస వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో) అన్నీ ఆ నంబరులోనే ఉంటాయి. కంపెనీ మారిస్తే జాగ్రత్త: ఎన్‌జీకేలో హీట్ రేంజ్ అంకె పెరిగితే కోల్డ్ ప్లగ్ (వేడి త్వరగా వదిలేది), బాష్‌లో పెరిగితే హాట్ (నెమ్మదిగా వదిలేది). నేనైతే పాత ప్లగ్‌లు విప్పగానే సిలిండర్ వరుసలోనే బెంచీ మీద పెడతాను. కొస లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టే. పొడి మసి పట్టిందంటే చాలాసార్లు పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికొస్తోంది. అప్పుడు ఎన్ని కొత్త ప్లగ్‌లు వేసినా దండగే.

విజయవాడ నుంచి: ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. కొత్తవి ముందు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం హెడ్డు కదా, మర పోయిందంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఖమ్మం నుంచి: థాంక్స్ అన్నా. మూడూ లేత గోధుమరంగే, కొస దగ్గర స్పార్క్ దూకే గ్యాప్ మాత్రం బాగా పెరిగింది. మాన్యువల్ నంబరువే తెప్పిస్తున్నా.