అప్‌డేట్: అతనికి మొత్తం చెప్పేశాను

రెండు నెలల కింద అడిగాను కదా, మా ఆఫీసులో ఒకతన్ని చూస్తే కళ్లు తిప్పుకోలేను, గంటలు గంటలు మాట్లాడాలనిపిస్తాది, కానీ ముట్టుకోవాలని అస్సలు అనిపించదు, ఎవరి మీదా అనిపించలేదు, నాకేటైనా లోపమా అని. చాలామంది డాక్టర్‌కి చూపించుకోమన్నారు. ఒక అక్క మాత్రం ఓపిగ్గా రాసింది, అందం చూసి మురిసిపోడం వేరు, ప్రేమ వేరు, శరీరం కోరుకోడం వేరు, పక్కన కూర్చుంటే చాలనిపించడం వేరు, కొందరికి ఇవన్నీ ఒకే మనిషి మీద కలిసొస్తాయి కొందరికి రావు, అది జబ్బు కాదమ్మా అని. అసెక్సువల్ అనే మాట, అంటే ఎవరి మీదా శరీర కోరిక కలగనోళ్లని, అప్పుడే విన్నాను. 2001లోనే అమెరికాలో డేవిడ్ జే అనే కుర్రాడు ఇలాంటోళ్ల కోసం ఏవెన్ (AVEN) అనే వెబ్‌సైట్ మొదలెట్టాడని చదివి ఆ రాత్రి ఏడ్చేశాను, ఇన్నేళ్లు ఒక్కదాన్నే అనుకున్నాను మరి.

మొన్న ఆదివారం విజయనగరం పెద్దచెరువు గట్టు మీద అతనికి చెప్పేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, నాకు పిల్లలు, సంసారం కావాలి, కానీ నువ్వూ కావాలి, ఫ్రెండ్‌గా ఉండిపో అన్నాడు. బాధేసింది, అయినా మనసు తేలికైంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు, బొబ్బిలి సంబంధం ఒకటి నడుస్తోంది, దసరా లోపు చెప్తాను. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి మాత్రం అతనూ నేనూ కలిసే వెళ్తున్నాం.