పోకెమాన్ డెక్‌లో బేసిక్ కార్డులు ఎన్ని ఉంచాలి?

అందరికీ నమస్కారం. తిరుపతి బైరాగిపట్టెడలో మేము కొందరం ఆదివారాల్లో చిన్న పోకెమాన్ కార్డు పోటీలు జరుపుకుంటాము. నా 60 కార్డుల డెక్‌లో (ఆడే కట్టలో) బేసిక్ పోకెమాన్, అంటే మరో కార్డు అవసరం లేకుండా నేరుగా ఆటలోకి దింపగలిగేవి, 8 మాత్రమే ఉన్నందున, మొదట తీసే 7 కార్డుల్లో అవి ఒక్కటీ రాక, చేతిలోవి అందరికీ చూపించి మళ్ళీ కలపవలసి వస్తోంది. లెక్క వేస్తే ఈ ప్రమాదం సుమారు 35 శాతం, 12 ఉంచితే 19 శాతం. అలా కలిపినప్పుడు ఎదుటివారు అదనంగా ఒక కార్డు తీసుకోవచ్చు కనుక ఇది చిన్న నష్టమేమీ కాదు. అయితే ఆ నాలుగింటి కోసం ఆటలో సాయపడే ట్రైనర్ కార్డులను తీసేయాలా, దాడికి కావలసిన, ఇప్పటికే 10కి దించిన ఎనర్జీ కార్డులను ఇంకా తగ్గించాలా అన్నది తేలడం లేదు. మాలో సగంమంది, ముఖ్యంగా పిల్లలు, రెండో వంతుకే దాడికి దిగుతారు. అనుభవజ్ఞులు ఈ నిష్పత్తిని ఎలా నిర్ణయించుకున్నారో, మార్చాక ఎన్ని ఆటలు ఆడి చూశారో దయచేసి తెలియజేయగలరు.